నాపరాళ్ళ మీద ఎర్రబండి

పోయిన వారం ఆళ్ళగడ్డ మిల్లాయన మనవరాలు ఒక లారీ మీద ఎర్రబండిని ఎక్కించుకుని నంద్యాలలోని నా షెడ్డుకు వచ్చింది. రెండే సీట్లు, టాపు లేదు, కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఇంగ్లండులో తయారైన పందేల కారు. వాళ్ళ తాత ఏ మద్రాసు దొరబాబు దగ్గరో మోజుపడి కొన్నది. "ఆంటీ, దీని వైరింగు మీ ఇంట్లోనే చేశారంట కదా, తాత చెప్పేవాడు" అంది. బానెట్ ఎత్తి చూశాను. ఇంజను చుట్టూ అల్లుకున్న వైర్ల కట్ట, మేము వైరింగు కిట్టు అంటాం, దాని మీద చుట్టిన నూలు పట్టీ మైనంతో నల్లబడి, అక్కడక్కడా చీకి, మా రాహేలత్త చుట్టింది చుట్టినట్టే ఉంది. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం ఎక్కించి, ఎక్కడా వదులు లేకుండా, ఆదివారం పొద్దున నాకు జడ వేసినట్టే బిగించింది. నాకు నిలబడ్డచోటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల కంగారుపడి, బండి బాగుపడదేమో అందుకే ఏడుస్తోంది అనుకుంది పాపం.

అప్పట్లో మేము ఆళ్ళగడ్డలో ఉండేవాళ్ళం. నాయన పేరు దానియేలు. లారీలకూ ట్రాక్టర్లకూ ఎలక్ట్రికల్ పని చేసేవాడు. రోడ్డు మీదికి రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మా మేనత్త రాహేలు, నాయనకు అక్క, నన్నూ నాయన్నూ ఇద్దర్నీ పెంచింది. నాయన్ని పెంచింది అని ఊరికే అనడం లేదు. మీసాలు నెరుస్తున్న మనిషిని "చేతులు కడుక్కోకుండా సంగటి ముట్టుకున్నావంటే చూడు" అని గదిమేది. మా ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. పొద్దున బ్యాటరీ యాసిడ్డు ఘాటు, వైర్లకు సీసంతో అతుకు పెట్టేటప్పుడు కాలే రోజనం పొగ, వంటింట్లోంచి ఊరిబిండి పచ్చడికి నూరిన పచ్చిమిరపకాయల కమ్మదనం, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. రోడ్డుకు అవతల శిల్పాలు చెక్కేవాళ్ళ పనిచోటు. తెల్లారిందంటే ఉలి చప్పుడు మొదలు. ఆ చప్పుడు ఆగిన రోజున అత్త "ఏందీ, ఊర్లో ఎవరన్నా పోయినారా?" అని వాకిట్లోకి వచ్చి చూసేది.

ఆ ఇంట్లో అత్తకు ఒకటే గర్వం. పెద్దగది నేల. నల్లటి నాపరాళ్ళు పరిచిన గది అది. శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి చీర కుచ్చెళ్ళు దోపుకుని, సామానంతా వాకిట్లో పడేసి, చాకలి సోడా చల్లి కొబ్బరిపీచుతో రాయి రాయీ తోమేది. ఎన్ని బిందెల నీళ్ళయినా సరే, కారే నీళ్ళు తేటగా వచ్చేదాకా వదిలేది కాదు. ఆరాక వేరుశనగ నూనె అంటిన గుడ్డతో తుడిచేది. ఆదివారం గుడికి పోయే ఇల్లు శనివారం కడుక్కోకపోతే అది ఇల్లేనా అనేది ఆమె సిద్ధాంతం. మా సంఘంలో ఆదివారం సాయంత్రం ప్రార్థన కూటం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో జరిగేది. మా వంతు వచ్చిందంటే చెప్పనక్కర్లేదు, ఆ శనివారం ఈగ కూడా మా గడప మీద వాలడానికి జంకేది. "రాహేలమ్మ ఇంట్లో నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు" అని సంఘంలో ఆడవాళ్ళు అనేవాళ్ళు. ఆ మాట విన్నరోజు అత్త మాకు అలసంద వడలు చేసేది.

నాయన కళ్ళ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్నదాన్ని, షెడ్డులో సాయం చేస్తుండేదాన్ని కాబట్టి తెలిసింది. మొదట పొద్దుగూకాక సైకిలు తొక్కడం మానేశాడు. తర్వాత ఆకుపచ్చ వైరుకూ గోధుమరంగు వైరుకూ తేడా పోయింది. కర్నూలు పెద్ద డాక్టరు చూసి, కంటి వెనక నరం ఎండిపోతోంది, ఆపరేషన్ చేసినా లాభం లేదు, ఉన్నంతవరకు ఉంటుంది అన్నాడట. అన్నాడట అని ఎందుకంటున్నానంటే, నాయన నన్ను లోపలికి రానివ్వలేదు, బయటికి వచ్చాక బస్టాండులో చెప్పాడు. "అత్తకు చెప్పొద్దు మే. ఊర్లో తెలిసిందంటే ఇంక బండి ఎవడూ తేడు. వైరు రంగు తెలీని ఎలక్ట్రీషన్ను ఎవడు నమ్ముతాడు?" కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. మేమిద్దరం మా కడుపు చించుకోలేదు. అత్త ముందర నాయన నాకు పరీక్ష పెడుతున్నట్టు నటించేవాడు. వైరు చేతికిచ్చి "ఇది ఏ రంగో చెప్పు సూద్దాం" అనేవాడు. నేను చెప్పేదాన్ని. వంటింట్లోంచి అత్త "ఆ మాత్రం దానికి తెలీదనా అడుగుతాండావు? పని సూడు" అని కసిరేది.

అలాంటి రోజుల్లో మిల్లాయన ఎర్రబండి మా షెడ్డు ముందుకు వచ్చింది, ట్రాక్టరు వెనక మోకు కట్టుకుని. దూది మిల్లు ఆయనది. గోడౌన్లో దూది బేళ్ళ పక్కన ఏళ్ళ తరబడి పెట్టేస్తే ఎలుకలు కాపురం పెట్టి వైరింగంతా కొరికేశాయి. ఇంజను అప్పటికే విప్పి సిలిండరు బోరింగు పనికి నంద్యాల పంపించాడు. "మద్రాసులో చేయించుకోమన్నారు దానియేలూ. నాకు నువ్వు సాలు" అని కూర్చున్నాడు. నాయన సరే అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక నాతో మాత్రం వేరే మాట అన్నాడు. "ఎస్తేరూ, ఇది నేను చేయగలిగినానంటే షెడ్డు ఉంటది. చేతగాల్యాదంటే మూసేస్తా. కనపడకుండా ఊరోళ్ళ బండ్లు తగలబెట్టేకంటే మిల్లులో వాచ్‌మన్‌గా కూకుంటా." నవ్వుతూ అనలేదు.

పని ఎలా చేశామంటే, పాత వైరింగు కిట్టును చెక్కు చెదరకుండా బండిలోంచి తీసి, నాయన దాన్ని భుజాన వేసుకుని పెద్దగదిలోకి తెచ్చాడు. కొమ్మలూ రెమ్మలూ ఉన్న తీగలా ఉంటుంది అది. ఒక కొమ్మ డైనమోకు, ఒకటి బ్యాటరీ కరెంటు వెనక్కి పోకుండా ఆపే కటౌట్ డబ్బాకు, ఒకటి కాయిలుకు, ఒకటి హారనుకు, ఒకటి ముందు దీపాలకు. బండిలో ఎలా ఉందో అలాగే నాపరాళ్ళ మీద పరిచాడు. నేను బడి సుద్దముక్కతో దాని వెంబడే గీశాను. తర్వాత మైనం పట్టీ కోసి, ఒక్కో వైరూ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో టెస్ట్ ల్యాంపుతో కనుక్కుని, నేల మీదే గీతలు గీసుకుంటూ పోయాం. నల్లరాయి మీద అరచేయంత అక్షరాలతో తెల్లటి గీతలు. ఆ సైజులో ఉంటే నాయనకు కనపడేవి. వంగి, మోకాళ్ళ మీద పాక్కుంటూ, వేలితో గీత వెంట పోతూ, చిన్నపిల్లాడి మాదిరి నవ్వేవాడు. కాగితం మీదికి ఎక్కించే మాట మేమిద్దరం ఎత్తలేదు. కాగితమైతే ముక్కుకు ఆనించి చూడాలి, అది అత్త కంట్లో పడుతుంది.

ఇక అత్త కష్టాలు చూడాలి. పెద్దగది దాటితే గానీ వంటిల్లు రాదు. నీళ్ళబిందె చంకన పెట్టుకుని రోజుకు ఎన్నిసార్లు దాటేదో. నాయన షెడ్డులోంచే అరిచేవాడు. "అక్కా, ఆడ కాలు పెట్టాకు! కటౌట్ వైరు ఆడ!" "అక్కా, ఎడమపక్క పో, కాయిలు తొక్కుతాండావు!" "యాడ నడవాలరా మరి, గాల్లోనా?" అని ఆమె. రెండు శనివారాలు నేల కడగలేదు. అత్త ముఖం చూస్తే ఇంట్లో దొంగలు పడ్డట్టుండేది. చీపురు పట్టుకుని గడప దగ్గర నిలబడి, ఆ సుద్దపొడి వైపు చూసి, నిట్టూర్చి వెళ్ళిపోయేది. విప్పేసిన పాత వైర్లు కుప్పగా పడుంటే, పెరట్లో చిక్కుడు పందిరి కట్టుకోవడానికి తీసుకుపోయి కొంత కసి తీర్చుకుంది.

గీయడం అయిపోయింది. ఒక శనివారం నాయనా నేనూ కొత్త వైరూ, వైరు కొసలకు తొడిగే లగ్గులూ కొనడానికి నంద్యాల బస్సెక్కాం. కొట్టులో నాయన వైర్లను వేళ్ళతో నలిపి మందం చెబుతుంటే, నేను రంగులు ఏరాను. తిరిగి వస్తూ శిరివెళ్ళ దగ్గర బస్సు ఆగితే నాయన కిటికీలోంచి చేయి చాపి ఉగ్గాని పొట్లం కొన్నాడు. ఆ ఉషారు చూసి నాకూ ధైర్యం వచ్చింది. ఇంటికొచ్చి గడపలో అడుగుపెట్టాం. పెద్దగది నల్లగా, నూనెగా, అద్దంలా మెరుస్తోంది. ఒక్క గీత లేదు. అత్త తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, చాపలు దులుపుతోంది. మరునాడు కూటం మా ఇంట్లో.

"గీతలు యాడక్కా?" అన్నాడు నాయన, నేల వైపు వంగి. "కడిగేసినా" అంది అత్త. "అయిపోయింది కదా మీ పని. రైకబట్ట కొలతలు తీసుకున్నాకనే కదా కొట్టుకు పోతాం? కొలతలు అయిపోయినాయి, మీరు కొట్టుకు పోయినారు. రేపు పాస్టరయ్యగారిని ఆ సున్నంలో కూకోబెట్టమంటావా?" ఆమె లెక్క తప్పేమీ కాదు. ఇంజను నంద్యాలలో ఉంది, పాత కిట్టు ముక్కలై చిక్కుడు పందిరికి కట్టుంది. ఏ వైరు దేనికి పోతుందో నాయనకు తెలుసు. ఏ కొమ్మ ఎక్కడ చీలాలో, ఎంత పొడుగు ఉండాలో ఆ నేల మీద తప్ప ఇంకెక్కడా లేదు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. నాయన చేతిలో ఉగ్గాని పొట్లంతో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అత్త ముఖం మారింది. "ఏమైందిరా? మళ్ళా రాసుకోలేవా? నీకు తెలీని బండి యాడుంది?" అంది. నాయన పొట్లాన్ని నేల మీద పెట్టాడు. "నాకు కనపడదక్కా" అన్నాడు. "ఏంది కనపడనిది?" "ఏదీ సరిగ్గా కనపడదు. నువ్వు కూడా తెల్లగా కనపడతాండావు, అంతే. రంగులు ఎస్తేరు చెప్తాది."

అత్త చాప కింద పడేసి నాయన ముందు కూర్చుంది. ఆయన గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పి, చిన్నప్పుడు కంట్లో నలుసు తీసినట్టు, రెప్పలు పైకెత్తి చూసింది. తిడుతుందనుకున్నాను. నాకూ దాచినందుకు పడుతుందనుకున్నాను. అత్త చెంగుతో ఆయన కళ్ళు తుడిచి వంటింట్లోకి పోయింది. మరునాడు కూటంలో మెరిసే నేల మీద అందరూ కూర్చుని పాటలు పాడారు. ఆడవాళ్ళు నేలను మెచ్చుకున్నారు. అత్త తల ఎత్తలేదు.

సోమవారం పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే అత్త పిలిచింది. "మే, సుద్దముక్క తే." నీళ్ళు నింపిన బిందె చంకన పెట్టుకుని గడపలో నిలబడింది. "బిందె ఎందుకత్తా?" అంటే, "బిందె ల్యాకుంటే నాకు అడుగు గుర్తుకురాదు" అంది. నాయన్ని మంచం మీద కూర్చోబెట్టింది. ఇక మొదలు. "ఈడ కాలు పెట్టబోతే కటౌట్ అని అరిచినావు. గీయి మే. ఈడ పక్కకు జరిగితే మళ్ళా అరిచినావు, ఈడ రెండు గీతలు చీలిపాయె. ఈ రాయి మూలన కాలు పెట్టినానని ఆ రోజంతా మాట్లాడల్యా నువ్వు, కాయిలు ఈడే." నేను గీస్తూ పోయాను. నాయన కళ్ళు మూసుకుని వింటూ, "అవు, కాయిలే. ఆడినుంచి డైనమోకు మూరన్నర" అంటూ ఒక్కోటి కలుపుతూ పోయాడు. తిన్న తిట్లన్నీ తిన్న చోట్లలోనే గుర్తు పెట్టుకుంది మహాతల్లి. బిందెలో నీళ్ళు తొణికి చీరంతా తడిసింది. మేము ముగ్గురం నవ్వుతున్నామో ఏడుస్తున్నామో ఎవరికీ తెలియలేదు.

ఆ గీతల మీద, కదలకుండా మేకులకు బదులు ఇసుక సంచులు పెట్టి కొత్త వైర్లు పరిచాం. రంగులు నావి, అతుకులు నాయనవి, పైన పట్టీ చుట్టడం అత్తది. నాయన వేళ్ళతో తడిమి "ఇంకొంచెం బిగువుగా అక్కా" అంటే, "నీ వేలు ఇరుక్కునేంత బిగువు సాలా?" అనేది. ఇంజను వచ్చాక కూర్చోబెట్టి చూస్తే అన్నీ సరిపోయాయి, హారను కొమ్మ ఒక్కటి జానెడు పొట్టి. అత్త ఏమాత్రం తడుముకోలేదు. "ఆడ నన్నెవరూ తిట్టల్యా" అంది. ఆ జానెడు అతుకు ఇవాళ్టికీ ఆ బండిలో ఉంది, పోయిన వారం వేలితో తడిమి చూసుకున్నాను.

బ్యాటరీ కలిపే రోజు మిల్లాయన వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేరుగా కలపకుండా మధ్యలో ఒక బల్బు పెట్టాలి. ఎక్కడైనా వైరు వైరుకు తగులుతుంటే ఆ బల్బు వెలుగుతుంది. వెలగకపోతే పని బాగున్నట్టు. నాయన తీగ ఆనించాడు. మధ్యాహ్నపు ఎండలో ఆ బల్బు ఆయనకేం కనపడుతుంది? నేను నోరు తెరిచేలోపు అత్త వంగి చేతులు అడ్డం పెట్టి చూసి, బల్బును ముట్టుకుని, "వెలగల్యా దానియేలూ. చల్లగా ఉంది" అంది. నాయన బల్బు తీసేసి తీగ బిగించాడు. మిల్లాయన తాళం తిప్పి సెల్ఫు లాగాడు. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి అందుకుంది. అవతల ఉలి చప్పుడు ఆగిపోయింది, శిల్పాల వాళ్ళంతా రోడ్డు మీదికి వచ్చారు. మిల్లాయన నాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అహోబిలం రోడ్డు మీద తిప్పుకొచ్చాడు. దిగాక నాయన జుట్టంతా రేగిపోయి ఉంది. "గాలి బాగుంది" అన్నాడు, అంతే.

ఇప్పుడు ఈ పని నేనే మళ్ళీ చేస్తున్నాను. మనవరాలు ఫోనులో ఈ బండి వైరింగు బొమ్మ చూపించింది, రంగులతో సహా. విప్పకముందే నేను అన్నివైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాను. కొత్త రకం గొట్టం తొడిగి వేడిగాలి పెడితే అదే బిగుసుకుంటుంది, చుట్టే పని లేదు. తయారైన కిట్టు ఇంగ్లండు నుంచి తెప్పించుకోవచ్చని కూడా చెప్పింది. ఇవన్నీ ఆ రోజుల్లో ఉంటే నాయనకు ఎంత సుఖంగా ఉండేదో అనుకుంటాను, నిజంగానే. పాత కాలమే బంగారమని నేననను. మంచి కంటివైద్యం ఉండుంటే ఆ బంగారాన్ని నేను సంతోషంగా వదులుకునేదాన్ని. కానీ ఒక పని చుట్టూ ఇల్లంతా మోకాళ్ళ మీద పాకడం ఇప్పుడు నా షెడ్డులో జరగదు. నాకు పని నేర్పింది నాయనే. ఆ పని ఆయన చేతుల్లో ఇంకా చాలా ఏళ్ళు నిలబెట్టింది మాత్రం మా అత్త. ఆమె చేసింది నేను కళ్ళారా చూశాను.

మళ్ళీ కూటం వంతు మాకు వచ్చేనాటికి పెద్దగదిలో ఒక లారీ వైరింగు గీసి ఉంది, గోడ నుంచి గోడ దాకా. శనివారం వచ్చింది, పోయింది. అత్త కొబ్బరిపీచు ముట్టుకోలేదు. ఆదివారం సాయంత్రం సుద్దపొడి అలాగే ఉండగా గోడల వెంబడి చాపలు వేసి గడపలో నిలబడింది. ముందుగా పాస్టరయ్యగారు చెప్పులు విడిచి కాలు లోపల పెట్టబోయారు. "ఆడ కాదు అయ్యగారూ, ఈ పక్కగా రాండి" అంది. వెనక నుంచి ఎవరో ఆడమనిషి, "ఏందమ్మా రాహేలమ్మా, ఇల్లు కడగలేదా?" అంది. ఆ మాట పడడం కంటే చావు మేలనుకునే మనిషి మా అత్త. నాయన మంచం మీద తల దించుకున్నాడు. అత్త గొంతు తగ్గించలేదు. "కడగల్యా. మా తమ్మునికి సూపు పోతాంది. ఈ గీతలే వానికి కండ్లు. తొక్కొద్దండి" అంది.

అయ్యగారు పంచె పైకెత్తి పట్టుకుని గోడ వెంబడి నడిచి వెళ్ళి కూర్చున్నారు. ఆయన వెనక ఆడవాళ్ళు కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, ఒకరి వెనక ఒకరు ఆ గోడ వెంబడే వచ్చి కూర్చున్నారు. గది మధ్యలో లారీ గీతలు ఒక్కటి చెరగలేదు. నాయన తల ఎత్తి, కనపడని ముఖాల వైపు చూస్తూ పాట అందుకున్నాడు. మర్నాడు పొద్దున, ఆ గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్ళలో ఒకాయన తన ట్రాక్టరును మా షెడ్డు ముందు ఆపాడు. "దానియేలన్నా, దీపాలు వెలగడంల్యా, నువ్వే సూడల్ల" అన్నాడు.